బెంచీ మీద కూర్చున్నవారి కథ కూడా రాయండి

సంపాదక మహాశయులకు,

నమస్కారములు. మీ పత్రిక క్రీడా పుటలో ఐరోపా ఫుట్‌బాల్‌కు ఈమధ్య చోటు పెరగడం నాబోటి పాఠకులకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే శిక్షకుల విషయానికి వచ్చేసరికి మనం చదివే వార్త దాదాపు ఎప్పుడూ ఒకే మూసలో ఉంటోంది: ఫలానా వారికి ఉద్వాసన, వారి స్థానంలో ఫలానా వారి నియామకం. పోర్చుగల్‌కు చెందిన నూనో ఎస్పిరిటో శాంటో విషయంలోనూ అదే జరిగింది. 2025 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్బు ఆయనను తొలగించిందని, ఆ నెలాఖరులోనే అక్కడి వెస్ట్‌హామ్ క్లబ్బు ఆయనను చేర్చుకుందని రెండు ముక్కల్లో తెలిసింది గాని, ఆ మనిషి అంతవరకు ఏ దారిన నడిచి వచ్చాడన్నది ఎక్కడా కనబడలేదు. ఉద్యోగ జీవితమంతా కోనసీమ పాఠశాలల్లో డ్రిల్లు మాస్టారుగా గడిపిన నాకు ఆ దారే ముఖ్యమనిపిస్తుంది. మన జిల్లాల్లో ఫుట్‌బాల్ ఆడే పిల్లలకూ, వారికి ఆట నేర్పేవారికీ అందులో పనికివచ్చే సంగతులు ఉన్నాయని నమ్మి ఈ లేఖ రాస్తున్నాను.

నూనో 1974 జనవరి 25న ఆఫ్రికా పడమటి తీరానికి ఎదురుగా ఉన్న ప్రిన్సిపే అనే చిన్న దీవిలో జన్మించారు. సావో టోమె, ప్రిన్సిపే దీవులు అప్పటికి ఇంకా పోర్చుగీసు పాలనలోనే ఉన్నాయి. మరుసటి ఏడాది స్వతంత్రమయ్యాయి. పోర్చుగల్‌లోని విటోరియా గిమరాయిస్ క్లబ్బులో గోల్‌కీపర్‌గా పైకి వచ్చిన ఆయన 1997లో స్పెయిన్‌లోని డెపోర్టివోకు వెళ్లారు. అక్కడ మొదటి స్థానం దక్కక కొంతకాలం మెరిదాకు, తరువాత ఒసాసునాకు అరువు మీద వెళ్లి ఆడారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మైదానంలో ఆడే మిగతా పదిమందికి ప్రత్యామ్నాయంగా కూర్చున్నవాడికి ఏదో ఒక ఆటలో చివరి పావుగంటైనా వంతు వస్తుంది. రెండో గోల్‌కీపర్‌కు మాత్రం మొదటివాడికి దెబ్బ తగిలితేనో, జబ్బు చేస్తేనో తప్ప రాదు. ఏళ్ల తరబడి ప్రతిరోజూ అందరితో సమానంగా సాధన చేసి, ఆటనాడు కోటు తొడుక్కుని బెంచీ మీద కూర్చోవడమన్నది ఎంతటి ఓర్పు గలవాడినైనా పరీక్షిస్తుంది.

2002లో నూనో పోర్టో క్లబ్బులో చేరినప్పుడు అక్కడ మొదటి గోల్‌కీపర్ విటోర్ బాయా, శిక్షకుడు జోసె మొరీనియో. 2003లో సెవిల్‌లో సెల్టిక్‌పై 3-2తో ఐరోపా క్లబ్బుల రెండో స్థాయి పోటీ అయిన యూఫా కప్పును, 2004 మే 26న గెల్సెన్‌కిర్చెన్‌లో మొనాకోపై 3-0తో అన్నిటికన్నా పెద్దదైన ఛాంపియన్స్ లీగ్‌ను పోర్టో గెలిచింది. ఆ రెండు ఫైనళ్లలోనూ నూనో బెంచీ మీదే ఉన్నారు. 2003లో పోర్చుగీసు కప్ పోటీల్లో వార్జిమ్ జట్టుపై పోర్టో ఏడు గోల్స్ చేసిన రోజున, ప్రేక్షకుల కోరిక మీద పెనాల్టీ కొట్టే అవకాశం ఆయనకు ఇచ్చారు. ఆయన గోల్ చేశారు. ఆట ఆడని మనిషిని ఊరు అంతగా ప్రేమించిందంటే ఆ జట్టులో ఆయన నడవడిక ఎలాంటిదో ఊహించుకోవచ్చు. 2004 డిసెంబరులో జపాన్‌లోని యోకొహామాలో కొలంబియాకు చెందిన ఓన్సె కాల్దాస్‌తో జరిగిన, ఐరోపా, దక్షిణ అమెరికా విజేతలు తలపడే ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఆటలో, ముగింపు దగ్గరపడుతుండగా బాయాకు గుండెదడ వచ్చి మైదానం వీడవలసి వచ్చింది. అప్పటివరకు చలిలో కూర్చున్న నూనో దిగారు. గోల్స్ లేకుండా ముగిసిన ఆటను పెనాల్టీల్లో పోర్టో 8-7తో గెలిచింది. ఇంత చేసినా పోర్చుగల్ జాతీయ జట్టు తరఫున ఆయన ఒక్క ఆట కూడా ఆడలేదు. 2008 యూరో పోటీలకు మరో గోల్‌కీపర్ గాయపడితే ఆయనను పిలిపించారు గాని, అక్కడా బెంచీయే దక్కింది.

ఒడ్డున కూర్చున్నవాడు వేయి చెబుతాడని మనవారు తేలిగ్గా అంటుంటారు. నా అనుభవం వేరు. సార్వా కోతలయ్యాక ఆరిన చేలల్లో సరుగుడు బాదులు పాతి, పాత రొయ్యల వలను గోల్‌కు కట్టి ఆడే రోజుల్లో మా బడి జట్టుకు ఒక ఎక్స్‌ట్రా గోలీ ఉండేవాడు. పంటకాలువలో పడిన బంతిని ఈది తెచ్చే పని వాడిది. ఆ పని చేస్తూనే, ఎదుటి జట్టులో ఎవడు ఎడమకాలితో కొడతాడు, కొట్టే ముందు ఎవడి భుజం ఎటు వాలుతుంది అన్నది గమనించి, విరామంలో మా మొదటి గోలీ చెవిలో చెప్పేవాడు. చాలాసార్లు వాడు చెప్పినట్టే జరిగేది. జోనల్ పోటీల్లో వాడికి దిగే అవకాశం రాలేదు, చదువూ ఇంటర్‌తో ఆగిపోయింది. ఇప్పుడు అమలాపురం దగ్గర ఒక రొయ్యల చెరువు మీద పనిచేస్తూ, రాత్రంతా ఏరేటర్లు చూసుకుని, ఆదివారం పొద్దున్నే ఊరి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాడు. జట్టులో ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో వాడికి తెలిసినంతగా నాకు తెలియదని నిస్సంకోచంగా చెప్పగలను.

నూనో 2010లో ఆట మానుకుని, పోర్టోలో తనకు శిక్షకుడిగా ఉన్న జెజువాల్దో ఫెరైరా వెంట స్పెయిన్‌లోని మలగాకు, ఆపై గ్రీసులోని పానథినైకోస్‌కు గోల్‌కీపర్ల శిక్షకుడిగా వెళ్లారు. పెద్ద క్లబ్బులేవీ ఆయనను ఎదురొచ్చి పిలవలేదు. 2012లో స్వతంత్రంగా చేతికి వచ్చిన మొదటి జట్టు రియో ఆవె. అది ఆవె నది సముద్రంలో కలిసేచోట ఉన్న విలా దు కోండి అనే పట్టణపు క్లబ్బు; మన నరసాపురంలాగే నది మీదా, చేపల మీదా బతికిన ఊరు. అటువంటి చిన్న జట్టును 2014లో రెండు దేశవాళీ కప్పుల ఫైనళ్లకూ తీసుకువెళ్లారు. రెండింటిలోనూ బెన్ఫికా చేతిలో ఓడినా, ఆ క్లబ్బు చరిత్రలో మొదటిసారి ఐరోపా పోటీలకు అర్హత సంపాదించింది. నా దృష్టిలో ఆయన గొప్ప పనుల్లో ఇది ముందు వరుసలోనిది.

ఆ తరువాత స్పెయిన్‌లోని వాలెన్సియా క్లబ్బును తొలి సీజన్‌లోనే లీగ్‌లో నాలుగో స్థానంలో నిలిపినా, తరువాతి సీజన్ సగంలోనే వైదొలిగారు. 2016-17లో పోర్టోకు శిక్షకుడిగా తిరిగి వచ్చి, ఒక్క కప్పూ గెలవలేక ఏడాదికే వెళ్లిపోయారు. 2017లో ఇంగ్లండ్‌లో రెండో శ్రేణిలో ఉన్న వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్‌ను చేపట్టి, మొదటి ఏడాదే 99 పాయింట్లతో ఛాంపియన్‌గా నిలిపి మొదటి శ్రేణి అయిన ప్రీమియర్ లీగ్‌కు చేర్చారు. ఆపై వరుసగా రెండేళ్లు ఏడో స్థానం దక్కింది. 2019-20లో మాంచెస్టర్ సిటీని వారి మైదానంలోనూ, తమ మైదానంలోనూ ఓడించారు. ఆ సీజన్ 2019 జూలై 25న మొదలై, కోవిడ్ విరామంతో సాగి, 2020 ఆగస్టు 11న యూరోపా లీగ్ క్వార్టర్ ఫైనల్లో సెవియా చేతిలో 1-0 ఓటమితో ముగిసింది. మొత్తం 59 ఆటలు! ఇన్ని ఆటలున్నా ఆయన పెద్ద బలగాన్ని పెట్టుకోలేదు. కొద్దిమందినే పెట్టుకుని, బెంచీ మీద ఉన్న ప్రతివాడికీ తన వంతు వస్తుందన్న నమ్మకం కలిగించడం ఆయన పద్ధతి. ఆ పద్ధతికి మూలం పోర్టో బెంచీయేనని నేను అనుకుంటాను. కోవిడ్ కాలంలో వుల్వర్‌హాంప్టన్ పట్టణపు పేదల ఆహారం కోసం ఆయన సొంతంగా రెండున్నర లక్షల పౌండ్లు ఇచ్చారన్నది కూడా ఆయన వార్తలతో పాటు రావలసిన మాటే.

లోపాలు లేవని అనను. వెనక్కి తగ్గి కాచుకుని, సందు దొరికినప్పుడు దూసుకెళ్లే ఆయన ఆట అన్ని క్లబ్బులకూ సరిపడదు. 2021లో లండన్‌లోని టాటెన్‌హామ్ క్లబ్బులో మాంచెస్టర్ సిటీపై గెలుపుతో మొదలుపెట్టి, ఆగస్టు నెలకు ఉత్తమ మేనేజర్‌గా ఎంపికై, నవంబరు 1న పదవి పోగొట్టుకున్నారు. ఆ క్లబ్బు అభిమానులు కోరే ఆట వేరు, ఆయన ఆడించే ఆట వేరు. ఆ తరువాత సౌదీలో అల్ ఇత్తిహాద్‌ను 2022-23లో లీగ్ విజేతగా నిలిపారు. 2009 తరువాత ఆ క్లబ్బుకు అదే మొదటి లీగ్ టైటిల్. రెండో స్థానంలో ఉన్నది రొనాల్డో ఆడిన అల్ నస్ర్. అక్కడా మరుసటి సీజన్‌లోనే ఉద్వాసన తప్పలేదు.

2023 డిసెంబరులో ఆయన చేరేనాటికి నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కింది శ్రేణికి జారిపోయే స్థితిలో ఉంది. ఆర్థిక నిబంధనల ఉల్లంఘనకు నాలుగు పాయింట్లు కోత పడినా 17వ స్థానంతో గట్టెక్కింది. 2024 సెప్టెంబరులో లివర్‌పూల్‌ను వారి ఆన్‌ఫీల్డ్ మైదానంలో 1-0తో ఓడించింది. ఆ మైదానంలో ఫారెస్ట్ గెలవడం 1969 తరువాత అదే మొదటిసారి. ఆ సీజన్‌ను ఏడో స్థానంలో ముగించి, ముప్పై ఏళ్ల తరువాత ఐరోపా పోటీలకు అర్హత పొందింది. ఫారెస్ట్ గోల్‌కీపర్ మాట్స్ సెల్స్ 13 ఆటల్లో గోల్ ఇవ్వకుండా నిలిచి, అలాంటి ఆటలు ఎక్కువగా ఉన్న గోల్‌కీపర్‌కు ఇచ్చే ఆ ఏటి గోల్డెన్ గ్లవ్‌ను ఆర్సెనల్‌కు చెందిన దావిద్ రాయాతో పంచుకున్నాడు. శిక్షకుడు గోల్‌కీపర్ కావడం వల్లనే ఇది జరిగిందని చెప్పడం సాహసమే అవుతుంది గాని, నేను మాత్రం ఆ సంబంధాన్ని కాదనలేను. యజమానితో పొసగకపోవడం వల్ల, ఇంత చేసిన మనిషి కొత్త సీజన్ మొదలైన మూడో ఆటకే బయటకు వెళ్లవలసి వచ్చింది.

ఆటగాడిగా పెద్ద పేరు లేనివాడు గొప్ప శిక్షకుడు కావడం తెలుగు నేలకు కొత్త కాదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి నడిపించిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులే. ఆటగాడిగా ఎంత పేరున్నదన్న దానికీ, ఎంత బాగా నేర్పగలడన్న దానికీ పొంతన ఉండనక్కరలేదు.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే శిక్షక అర్హతల్లో డీ లైసెన్స్ మొదటి మెట్లలో ఒకటి. ఆ తరగతులు ఎక్కడ, ఎప్పుడు జరుగుతాయో, దరఖాస్తుకు గడువెప్పుడో మా పల్లెలకు తెలిసేసరికి సీట్లు నిండిపోతున్నాయి. చెరువు మీద పనిచేసేవాడికి సెలవు అడగడానికైనా ముందుగా తెలియాలి కదా. కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల అనుబంధాల్లో ఆ ప్రకటనను కనీసం ఒక నెల ముందు, దరఖాస్తు చేసుకునే విధానంతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. అలాగే జిల్లా పోటీల ఫలితాలు వేసినప్పుడు గోల్స్ కొట్టినవారి పేర్ల కింద జట్టుకు ఆట నేర్పినవారి పేరు కూడా ఒక్క వరుసలో వేయించగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
అమలాపురం.