మాల్టా చూడ్డానికి కారే అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పర్యాటక పేజీలో మధ్యధరా సముద్రంలోని చిన్న దీవుల దేశం మాల్టా మీద వచ్చిన వ్యాసం చదివాను. ఏమేం చూడాలో చక్కగా రాశారు. ఎలా తిరగాలో చెప్పాల్సిన చోట మాత్రం కారు అద్దెకు తీసుకోమని ఒక్క మాటతో సరిపెట్టారు. పోయిన జూలైలో నేనూ మావారూ అక్కడ తొమ్మిది రోజులు ఉండి వచ్చాం. ఆ ఒక్క మాట మాలాంటి పెన్షన్‌దారులకు ఎంత ఖర్చు తెచ్చిపెడుతుందో తెలుసు కాబట్టే ఈ ఉత్తరం.

మన నగరంలోని ఒక ట్రావెల్ ఏజెంటు మాకూ అదే చెప్పాడు. పెద్దవాళ్లు, బస్సులెక్కలేరంటూ డ్రైవరుతో సహా కారు అంటగట్టాడు. రెండు రోజులకు 32 వేలు! అందులో సగం సేపు స్లీమా అనే ఊరి రోడ్ల మీద ట్రాఫిక్‌లోనే కూర్చున్నాం. మాల్టా దీవి పొడవే 27 కిలోమీటర్లు. మన మియాపూర్-ఎల్బీనగర్ మెట్రో లైను అంతకంటే పొడవు.

మూడో రోజు నుంచి బస్సే. రాజధాని వలెట్టా కోటగోడ బయట, ట్రైటన్ ఫౌంటెన్ పక్కనే బస్టాండు. దాదాపు అన్ని ఊళ్లకూ అక్కడ బస్సు దొరుకుతుంది. వేసవిలో టికెట్టు రెండున్నర యూరోలు, రెండు గంటల్లోపు బస్సు మారినా అదే చెల్లుతుంది. మేం 25 యూరోల వారం కార్డు కొనుక్కున్నాం. అక్కడ ఉండేవాళ్లకైతే 2022 అక్టోబరు నుంచి కార్డుంటే ప్రయాణం ఉచితం. మన మహాలక్ష్మి లాంటిదే, మగవాళ్లకు కూడా.

ఇబ్బందులు లేవనను. ఎమ్దినా కోట చూద్దామని స్టాపులో నిలబడితే రెండు బస్సులు ఆగకుండా వెళ్లిపోయాయి. మావారికి ఒకటే టెన్షన్. కూరగాయల సంచీతో పక్కన నిలబడ్డ పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుని పైకెత్తింది. చెయ్యెత్తితేనే ఆపుతారట! బస్సు నిండిపోతే చెయ్యెత్తినా ఆపరు. అందుకే ఆ తర్వాత రోజూ ఎనిమిదికల్లా బయల్దేరేవాళ్లం.

ఇక పడవలు. మీ వ్యాసంలో వాటి ఊసే లేదు. స్లీమా నుంచి వలెట్టాకు రేవు దాటితే పది నిమిషాలు, రోడ్డు మీదైతే చుట్టు తిరగాలి. వలెట్టాకు అవతలి వైపునున్న త్రీ సిటీస్ అనే మూడు పాత ఊళ్ల నుంచి వచ్చే పడవ దిగగానే, దగ్గర్లోనే కొండ పైకి 58 మీటర్ల బరక్కా లిఫ్టు ఉంది. మావారి మోకాళ్లకు అదే దిక్కయింది. గోజో దీవికి 41 నంబరు బస్సులో చిర్కెవ్వా రేవుకు వెళ్లి ఫెర్రీ ఎక్కితే 25 నిమిషాలు. వెళ్లేటప్పుడు టికెట్టు కౌంటరు కోసం చాలాసేపు వెతికాం. తిరిగొచ్చేటప్పుడే 4.65 యూరోలు కట్టాలని తర్వాత తెలిసింది.

గోజోలో చాలా రూట్లలో గంటకొక్క బస్సే కాబట్టి అక్కడ ఒక పూట టాక్సీ మాట్లాడుకున్నాం. అలా అవసరమైన చోట తీసుకుంటే తప్పులేదు. నడపగలిగినవాళ్లకు కారూ సులువే, మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. అయితే అదొక్కటే దారి అని రాయకండి. మీ పేజీలో ఏ దేశం గురించి రాసినా బస్సు నంబర్లు, టికెట్టు ధరలు, పడవల వివరాలు ఒక చిన్న బాక్సులో వెయ్యండి.

వచ్చే మే నెలలో మా చెల్లెలూ మరిదీ మాల్టా వెళ్తున్నారు. మీ వ్యాసం కత్తిరించి దాచుకుంది. దాని అంచున 41, చిర్కెవ్వా, చెయ్యెత్తాలి అని పెన్నుతో రాసిచ్చాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్