ఆదివారం వాన గురించి, కంగారు పడకండి

అందరూ ఒకసారి చదవండి. ఆదివారం మన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకి వాన ఉందని తెలిసినప్పటి నుంచి గ్రూపులో ఒకటే టెన్షన్, ఇక బంతిని విసిరి అందించే పాస్‌లు పనికిరావు, వాటిని విసిరే మన క్వార్టర్‌బ్యాక్ పని అయిపోయింది అని. నేనలా అనుకోవడం లేదు.

2007 ఫిబ్రవరి 4న మయామీలో కోల్ట్స్, బేర్స్ జట్లు ఆడిన సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గుర్తు తెచ్చుకోండి. మొదటి కిక్‌నే బేర్స్ ఆటగాడు డెవిన్ హెస్టర్ పట్టుకుని 92 గజాలు పరిగెత్తి, అవతలివాళ్ళ గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. ఆ తర్వాత వానకి బంతి సబ్బుబిళ్ళలా జారడం మొదలైంది, కోల్ట్స్ తొలి టచ్‌డౌన్ తర్వాత ఎక్స్‌ట్రా పాయింట్ కిక్‌కి బంతి నిలబెట్టాల్సినవాడి చేతుల్లోంచే జారి, రావాల్సిన ఒక్క పాయింటూ పోయింది. రెండు జట్లూ కలిపి 8 సార్లు బంతిని అవతలివాళ్ళకి అప్పగించాయి. అయినా కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ 38 పాస్‌లు విసిరి 25 అందించాడు, చిన్నచిన్న పాస్‌లే ఎక్కువ, మధ్యలో అదే జట్టు డొమినిక్ రోడ్స్ పరుగుతో 113 గజాలు తెచ్చాడు, కోల్ట్స్ 29-17తో గెలిచింది.

ఇంకో సంగతి, తడి నేల మీద ఇబ్బంది ఎక్కువ అడ్డుకునేవాళ్ళకే, అంటే డిఫెన్స్‌కే. ఎటు తిరగాలో పాస్ అందుకునే రిసీవర్‌కి ముందే తెలుసు, వెంటపడేవాడు అతన్ని చూసి తిరగాలి, అక్కడే కాలు జారుతుంది. నాకు భయమల్లా గాలి. వానతోపాటు గట్టిగా వీస్తే మాత్రం దూరపు పాస్‌లు, బంతిని తన్ని పాయింట్లు తెచ్చే ఫీల్డ్ గోల్స్ కష్టం.

స్టేడియానికి వచ్చేవాళ్ళు రెయిన్‌కోటు తెచ్చుకోండి, గొడుగు లోపలికి రానివ్వరు.