ఎలుక ముసలిదయ్యేదాకా ఎవరు ఆగుతారు?

సంపాదకుడి గారికి,

వృద్ధుల దినోత్సవం నాడు మీరు వేసిన కథనాలన్నీ చదివాను. పింఛన్ల గురించి, ఆశ్రమాల గురించి బాగానే రాశారు. అసలు ముసలితనం ఒంట్లో ఎలా మొదలవుతుందో వెతికే పరిశోధన గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

మా తమ్ముడి కూతురు బెంగళూరులోనే ఒక కాలేజీలో పీహెచ్‌డీ చేస్తోంది. వయసు మీద పడ్డాక మోకాళ్లలో గుజ్జు ఎందుకు అరిగిపోతుందన్నది తను ఎంచుకున్న విషయం. దానికి ముసలి ఎలుకలు కావాలి. ముసలి ఎలుకంటే రెండేళ్లది, మన లెక్కలో 70కి దగ్గర. చిన్న ఎలుకలు కొంటే దొరుకుతాయి. ముసలివి కావాలంటే వాటినే తెచ్చుకుని రెండేళ్లు మేపాలి. ఫెలోషిప్ ఉండేదే ఐదేళ్లు. ఇరవై నెలలు సాకాక ఒక ఆదివారం ఏసీ ఆగిపోయింది. సోమవారం వెళ్లి చూస్తే సగానికి పైగా చచ్చిపడి ఉన్నాయి. నాలుగు రోజులు పిల్ల సరిగా అన్నం తినలేదు.

అమెరికాలో ఈ బరువు విద్యార్థి నెత్తిన పడకుండా చూశారు. అక్కడి జాతీయ వృద్ధాప్య పరిశోధన సంస్థ 1995 నుంచి నాథన్ షాక్ కేంద్రాలను నడిపిస్తోంది. కరెంటు షాక్ కాదు లెండి, ఈ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకాయన పేరు. ఈ కేంద్రాలు తమ పరికరాలను, నైపుణ్యాన్ని బయటివాళ్లకూ అందిస్తాయి, కొత్తగా వచ్చిన శాస్త్రవేత్తలకు చిన్న గ్రాంట్లు ఇస్తాయి. ముసలి ఎలుకలను పెంచి పరిశోధకులకు ఇచ్చే ఏర్పాటూ ఆ సంస్థదే. ఒకే మందును ఒకేసారి మూడు ఊళ్లలో ఎలుకల మీద పరీక్షించే కార్యక్రమం కూడా దానిదే. రాపామైసిన్ అనే మందును 20 నెలల వయసులో మొదలుపెట్టినా ఎలుకల ఆయుష్షు పెరిగిందని 2009లో తేలింది అలాగే. ద్రాక్షలో ఉండే రెస్వెరాట్రాల్ అదే పరీక్షలో ఆయుష్షు పెంచలేకపోయింది. ఆ పేరుతో మాత్రలు మాత్రం ఇంకా అమ్ముతూనే ఉన్నారు!

మన బెంగళూరుకు ఏం తక్కువ? ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీ-క్యాంప్‌లో ఖరీదైన మెషీన్లను బయటివాళ్లు కూడా డబ్బు కట్టి వాడుకోవచ్చు. దేశంలో ఏ పరికరం ఎక్కడుందో చూసి బుక్ చేసుకునే ఐ-స్టెమ్ పోర్టల్‌ను 2020లో ఇక్కడే ప్రారంభించారు. మాది కోలారు జిల్లా శ్రీనివాసపురం, ఇంట్లో తెలుగే. భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) ఆవరణలోని మెదడు పరిశోధన కేంద్రం వాళ్లు మా తాలూకా పల్లెల్లో 45 దాటినవాళ్లను పది వేల మందిని చేర్చుకుని ఏళ్ల తరబడి పరీక్షించాలని పెట్టుకున్నారు. మామిడికాయలు తప్ప ఇంకో పేరు లేని మా ఊరికి అదొక గొప్ప.

కానీ మెషీన్‌ను గంటల లెక్కన అద్దెకు తీసుకోవచ్చు, రెండేళ్ల కాలాన్ని ఎక్కడ తీసుకుంటాం? అందుకే నేను అడిగేది ఒక్కటే. కర్ణాటక ప్రభుత్వం, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కలిసి ఇక్కడ ముసలి ఎలుకల ఉమ్మడి కేంద్రం ఒకటి పెట్టాలి. జనరేటర్ ఉండాలి, ఆదివారం కూడా మనిషి ఉండాలి. ఒకే ఎలుక నుంచి మోకాలు ఒకరికి, కాలేయం ఒకరికి, మెదడు ఇంకొకరికి ఇస్తే చంపే జంతువుల సంఖ్య కూడా తగ్గుతుంది. చిన్న కాలేజీలకు కోటా, తక్కువ అద్దె రాసిపెట్టకపోతే మాత్రం మొదటి నెలలోనే పెద్ద సంస్థలు అన్నీ బుక్ చేసేసుకుంటాయి. బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని, క్యూలో ముందు ఎవరు నిలబడతారో నాకు తెలుసు.

మా పిల్ల ఇప్పుడు ఎలుకలు వదిలేసి, మూడు వారాల్లో ముసలివైపోయే నులిపురుగుల మీద పనిచేస్తోంది. గైడ్ అదే మంచిదన్నారట. మరి పురుగుకు మోకాలు ఎక్కడుంటుందని అడిగితే నవ్వి ఊరుకుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని,
సంజయ్‌నగర్, బెంగళూరు