గోడ లేని క్రిమికి గోడ కూల్చే మందు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

పది రోజులు దాటినా దగ్గు తగ్గని పిల్లలకు ఒక అమాక్సిసిలిన్ సీసా అయిపోగానే ఇంకొకటి తెరవడం మామూలైపోయింది. దానికీ తగ్గకపోతే అదే తీరులో పనిచేసే సెఫలోస్పోరిన్‌కు మారుస్తారు. ఇంతకీ దగ్గు తెప్పిస్తున్న క్రిమి ఏదన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. సూక్ష్మజీవశాస్త్రం బోధించేదాన్ని కాబట్టి ఇది చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

పెన్సిలిన్, ఆ కోవలోని అమాక్సిసిలిన్, సెఫలోస్పోరిన్ వంటి మందులన్నీ బ్యాక్టీరియా తన కణకవచాన్ని, అంటే చుట్టూ ఉండే గోడను, కట్టుకోకుండా అడ్డుపడి దాన్ని చంపుతాయి. ఇలా తగ్గని దగ్గును, న్యుమోనియాను తెప్పించే బ్యాక్టీరియాల్లో ఒకటైన మైకోప్లాస్మాకు ఆ కవచమే లేదు. ఉన్నదల్లా పలుచని పొర. అందులోకి కావలసిన కొలెస్టరాల్‌ను కూడా మన శరీరం నుంచే తీసుకుంటుంది. లేని గోడను ఏ మందు కూల్చగలదు? మోతాదు రెట్టింపు చేసినా ఆ క్రిమికి ఏమీ కాదు. పేగుల్లో మనకు మేలు చేసే బ్యాక్టీరియాకే దెబ్బ.

ప్రయోగశాలలోనూ ఇది తేలిగ్గా దొరకదు. కఫాన్ని గాజు పలక మీద పూసి, బ్యాక్టీరియాను గుర్తించడానికి వాడే గ్రామ్ రంగులు వేస్తే, న్యుమోనియా తెచ్చే మరో బ్యాక్టీరియా న్యుమోకాకస్ ఊదారంగు జంటలుగా కనిపిస్తుంది. మైకోప్లాస్మా అయితే రోగి తెల్లకణాలు కనిపిస్తాయి, క్రిమి కనిపించదు. రంగును పట్టి ఉంచే గోడ దానికి లేదు, పైగా మరీ చిన్నది. పెంచి చూద్దామంటే ప్రత్యేక మాధ్యమంలో వారాలు పడుతుంది. మామూలు కల్చర్‌లో ఏమీ పెరగలేదన్న రిపోర్టు చూసి బ్యాక్టీరియా లేదనుకోకూడదు. క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షలో గంటల్లో తేలిపోతుంది. 1944లో ఈటన్ అనే శాస్త్రవేత్త దీన్ని గుర్తించినప్పుడు చాలామంది వైరస్ అనుకున్నారు. 1962లో చానాక్, హేఫ్లిక్, బరైల్ దీన్ని జీవకణాల అవసరం లేకుండా పెంచాకే బ్యాక్టీరియా అని రుజువైంది.

అలవాటు పోకపోవడానికి బలమైన కారణం ఒకటుంది. ఈ జబ్బు చాలామందిలో దానంతటదే నెమ్మదిస్తుంది. ఆ సమయానికి నోట్లో ఏ మందు ఉంటే దానికే పేరు వస్తుంది. పైగా క్రిమి సోకాక లక్షణాలు బయటపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అన్న కోలుకున్నాక చెల్లెలికి దగ్గు మొదలైతే ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తోచదు. ఎక్స్‌రేలో న్యుమోనియా కనిపిస్తున్నా పిల్లవాడు బడికి వెళ్తూనే ఉంటాడు, తరగతిలో పంచుతూనే ఉంటాడు. కొందరిలో మాత్రం నోటి నిండా పుండ్లు, ఎర్రరక్తకణాలు విరిగిపోవడం, మెదడువాపు దాకా పోతుంది. అలాంటి వారికి ఆలస్యం ప్రమాదకరం.

ప్రొటీన్ల తయారీని ఆపే అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ వంటివి దీనిమీద పనిచేస్తాయి. ఇది చదివి ఎవరూ దుకాణానికి వెళ్లి అజిత్రోమైసిన్ కొనవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. క్రిమిలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌కు సంబంధించిన జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, ఆ మందు చేతులెత్తేస్తుంది. చైనా, జపాన్‌లలో అలా మారిన రకాలు విస్తారంగా కనిపించాయి. లైంగికంగా సోకే మైకోప్లాస్మా జెనిటాలియమ్ విషయంలోనూ ఒకే మోతాదు అజిత్రోమైసిన్ చికిత్సతో ప్రతిఘటన, అంటే మందుకు లొంగని గుణం, బలపడింది. మైకోప్లాస్మా న్యుమోనియాకు టీకా లేదు. చేతిలో ఉన్న నాలుగు మందులనూ ప్రతి జలుబుకూ వాడి పోగొట్టుకుంటే పిల్లలకు ఇవ్వడానికి మిగిలేది ఏమిటి?

ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ముఖ్యంగా పిల్లల వార్డుల్లో, తగ్గని న్యుమోనియాకు పీసీఆర్ పరీక్ష ఉచితంగా అందాలి. మొదటి మందుకు తగ్గనప్పుడు వైద్యులు అదే కోవలో మరొకటి రాసే ముందు ఈ క్రిమిని అనుమానించాలి. దుకాణాలు చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదు. మీ ఆరోగ్య పేజీలో దీనిపై ఒక ఊపిరితిత్తుల వైద్యుడి చేత, ఒక సూక్ష్మజీవశాస్త్రవేత్త చేత రాయించండి. పిల్లల్లో దగ్గులు మళ్లీ ఎక్కువయ్యే రోజులు రాకముందే అది అచ్చయితే ఎన్నో ఇళ్లకు ఉపయోగపడుతుంది.

ఇట్లు,
సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకురాలు