రెండు జబ్బుల మనిషిని రెండు గుమ్మాలు ఎక్కించకండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, దేవరకొండ ప్రాంతంలో ఏళ్ల తరబడి తెమడ పరీక్షలు చేసి రిటైరైన ఒక ల్యాబ్ టెక్నీషియన్ నమస్కరించి రాయు విన్నపం.

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి టీబీ మందులు కూడా ఏఆర్‌టీ కేంద్రంలోనే, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే చోటే, అందాలన్నది జాతీయ టీబీ, ఎయిడ్స్ కార్యక్రమాల్లో ఉన్న నియమమే. అయితే చందంపేట వైపు తండాల నుంచి వచ్చే కూలీ ఒకరు ఏఆర్‌టీ మాత్రలకు ఒకనాడు, టీబీ మాత్రలకు మరొకనాడు, వేరు వేరు ఊళ్లకు తిరగడం నేను చూశాను. తిరిగిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయేది, పైన బస్సు చార్జీ.

ఇది కేవలం తిరుగుడు తిప్పలు కాదు. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఒంట్లో డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు మోతాదును తగ్గిస్తుంది కాబట్టి, రోజూ వేసుకునే 50 మిల్లీగ్రాముల మాత్రకు తోడు పన్నెండు గంటల తేడాతో మరొకటి వేసుకోవాలి. ఒక గుమ్మంలో ఇచ్చిన మందు రెండో గుమ్మానికి తెలియకపోతే ఆ రెండో మాత్ర సంగతి రోగికి ఎవరు చెబుతారు?

పరీక్ష విషయంలో నా తప్పు కూడా ఒప్పుకోవాలి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారి తెమడలో క్రిములు తక్కువగా ఉండి మైక్రోస్కోపుకు చిక్కవు; ఊపిరితిత్తుల బయట ముదిరే టీబీ తెమడలో అసలే కనబడకపోవచ్చు. నేను 'నెగటివ్' అని రాసిచ్చిన చీటీల్లో ఎన్ని తప్పో నాకు తెలియదు. అందుకే దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా హెచ్‌ఐవీ ఉన్నవారికి మైక్రోస్కోపుతో కాలయాపన చేయకుండా నేరుగా క్రిమి జన్యువును పట్టే ట్రూనాట్ గానీ సీబీనాట్ గానీ పరీక్ష చేయించాలని కోరుతున్నాను. రిఫాంపిసిన్‌కు లొంగని టీబీ అయితే ఆ సంగతీ వాటితోనే తేలుతుంది.

ఇక వలస. పాలమూరు, దేవరకొండ కూలీలు ముంబై, పుణెలకు వెళ్లేటప్పుడు ఆరు నెలల చికిత్స మధ్యలో తెగిపోతుంది. టీబీ రోగుల వివరాలు నమోదు చేసే నిక్షయ్ పోర్టల్‌లో పేరు బదిలీ చేసే వీలున్నా, వెళ్లేది ఎప్పుడో, ఎక్కడికో ముందుగా అడిగే మనిషి కావాలి. ఆ బాధ్యత ఏఆర్‌టీ కౌన్సెలర్‌కు అప్పగించి, ప్రయాణానికి ముందే రెండు రకాల మందులూ కలిపి చేతికివ్వాలి.

ఒకే చోట ఇవ్వడమంటే గుమ్మం మీద రెండు జబ్బుల పేర్లూ రాసిన బోర్డు పెట్టడం కాదని కూడా మనవి. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం గోప్యతకు హామీ ఇచ్చింది; తండాలో ఆశా కార్యకర్త రెండుసార్లు ఒకే ఇంటికి వెళ్తేనే మూడోసారి పక్కింటివాళ్లు ఆరా తీస్తారు.

పంట పనులు ముగిసి కూలీలు బస్సెక్కే లోపే దక్షిణ తెలంగాణ జిల్లాలకు ఈ మేరకు ఉత్తర్వులు ఇప్పించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, నల్గొండ జిల్లా