పచ్చని కంచె నాటే అంచనాలోనే కలుపు తీత ఖర్చు రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

వానలు మొదలవగానే మన ఊళ్లలో బళ్ల చుట్టూ, అంగన్‌వాడీల చుట్టూ, వైకుంఠధామాల చుట్టూ గోరింట, వాక్కాయ, సీమచింత మొక్కలతో పచ్చని కంచెలు వేయిస్తున్నారు. ప్రహరీ కట్టే స్తోమత లేని చోట ఇది చాలా మంచి పని. పెరిగిన కంచె పశువులను ఆపుతుంది, పిట్టలకు తావిస్తుంది, గోడకంటే తక్కువ ఖర్చులో అయిపోతుంది. నా బాధ ఆ తర్వాతి సంగతి గురించి. నాటిన మొక్కకు లెక్క ఉంది, ఫొటో ఉంది. దాని మొదలు దగ్గర కలుపు తీసే మనిషికి మాత్రం ఏ కాగితంలోనూ చోటు లేదు.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం తెలంగాణలో నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలి. ఆ బాధ్యత సర్పంచ్‌, కార్యదర్శుల మీద ఉంది. పంచాయతీ బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలనీ అదే చట్టం చెబుతోంది. మా వైపు నేను చూసినంతవరకు ఆ డబ్బు మొక్కలకు, గుంతలకు, నీళ్ల ట్యాంకర్‌కే అయిపోతోంది. మొక్కలు నాటే కార్యక్రమానికి హరితహారం పోయి వన మహోత్సవం అని పేరు మారినా ఈ లోటు మాత్రం అలాగే ఉంది.

చేలో కలుపు తీసే ఆడవాళ్లకు తెలిసిన సంగతే చెబుతాను. అడుగు ఎత్తున్న గోరింట మొక్కకు వేర్లు ఇంకా పైపైనే ఉంటాయి. నాటడానికి తవ్వి వదిలిన గుల్ల నేలలో, మొక్క కోసం పోసిన నీళ్లతోనే గరిక, తుంగ, గలిజేరు ముందు లేస్తాయి. వయ్యారిభామ మొలిచిన నెల, నెలన్నరకే పూతకొస్తుంది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. దసరా సెలవులయ్యేసరికి కంచె మొక్క కలుపు నీడలో పడి, పాలిపోయి, సన్నగా సాగి ఉంటుంది. వానలు ఆగి నేల ఎండాక ఉన్న కాస్త తేమనూ గరికే లాగేస్తుంది. వేసవిలో చచ్చిన మొక్కను చూసి ‘నీళ్లు చాలలేదు’ అని రాస్తారు. కలుపు సంగతి ఎవరూ రాయరు.

ఇక తనిఖీ ఉందని తెలిస్తే రెండు రకాల హడావుడి జరుగుతుంది. ఒకటి, బ్రష్‌ కట్టర్‌ తెచ్చి గడ్డి కొట్టించడం. దాని తీగ తగిలి లేత కాండం చుట్టూ బెరడు లేచిపోతుంది, మొక్క కొన్ని వారాల్లో ఎండుతుంది. రెండోది, గడ్డి మందు కొట్టించడం. ఇది మరీ ఘోరం. గ్లైఫోసేట్‌ అనే గడ్డి మందును చీడపీడల నివారణ పనిలో అనుమతి ఉన్న ఆపరేటర్లే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో నోటిఫికేషన్‌ ఇచ్చింది. క్యాన్సర్‌ కలిగించే అవకాశం ఉన్నదాని కింద ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా విభాగం 2015లోనే దాన్ని చేర్చింది. అయినా మాస్క్‌ కూడా లేని మనిషి పంపు వీపున వేసుకుని బడి ఆవరణలో కొడుతుంటే అడిగేవాళ్లు లేరు. గాలికి ఆ తుంపర కంచె ఆకుల మీద, పచ్చి కాండం మీద పడితే కలుపుతో పాటు మొక్కా పోతుంది. మరో గడ్డి మందు పారాక్వాట్‌ సంగతి వేరే చెప్పాలా? దానికి విరుగుడు లేదని మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లకు తెలుసో! అలాంటి డబ్బాలు పిల్లలు తిరిగే చోటికి రానే కూడదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. శ్రమదానం పేరుతో పిల్లల చేత వయ్యారిభామ పీకించవద్దు. ఒట్టి చేతులతో ముట్టుకుంటే చర్మం దద్దుర్లు లేస్తుంది, పుప్పొడి పీలిస్తే ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరాడదు. అది చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకున్న పెద్దవాళ్లు కూలి తీసుకుని చేయాల్సిన పని.

చేసే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. కంచె వరసకు రెండు వైపులా మూర వెడల్పున నేల శుభ్రంగా ఉంచితే చాలు, మైదానమంతా చెక్కనక్కర్లేదు. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేర్లతో పీకాలి. పార లోతుగా దిగితే కంచె వేర్లే తెగుతాయి కాబట్టి పైపైన దోకాలి. తుంగ ఒక్క తడవతో పోదు, గడ్డ నేలలో మిగిలి మళ్లీ లేస్తుంది. మళ్లీ మళ్లీ తీస్తుంటేనే దాని బలం తగ్గుతుంది. తీశాక ఎండాకులో, వేరుశనగ పొట్టో మూడు నాలుగు అంగుళాల మందాన పరిచి, కాండానికి తగలకుండా బెత్తెడు జాగా వదిలితే కొత్త గింజ మొలవడం తగ్గుతుంది, తేమ నిలుస్తుంది. మా ఎర్రనేలల్లో చెదల భయం ఉంది, కాబట్టి ఆ పొరను అప్పుడప్పుడు తిరగేసి చూడాలి. గునుగు మాత్రం మొక్కలకు కాస్త దూరంగా ఉంటే బతుకమ్మ దాకా ఉండనివ్వవచ్చు, దాని మీద నాకేం కోపం లేదు.

ఈ పని నాటిన మొదటి రెండు వానాకాలాలు కావాలి. ఆ తర్వాత కంచె గుబురెక్కి తన నీడతో తానే కలుపును అణచుకుంటుంది. అందుకే అధికారులను కోరేది ఇదీ: కంచెకు అంచనా వేసేటప్పుడే రెండేళ్ల కలుపు తీత కూలి అందులో విడిగా రాయండి. కాంట్రాక్టర్‌ నాటితే బిల్లులో కొంత ఆపి, రెండో వానాకాలం దాటాక బతికిన మొక్కలు లెక్కపెట్టి ఇవ్వండి. బళ్లలో అయితే 2024లో మహిళా సంఘాలతో ఏర్పాటైన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. కలుపు తీత వాటికే అప్పగించి, కూలి నేరుగా సభ్యుల ఖాతాల్లో వేయండి. ఆ పని మాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు, పిల్లలు కూడా మావాళ్లే. బడి, అంగన్‌వాడీ ఆవరణల్లో గడ్డి మందు కొట్టకూడదని కలెక్టర్లు రాతపూర్వకంగా ఆదేశించాలి.

వచ్చే వానాకాలం మొక్కల అంచనాలు వేసవిలోనే తయారవుతాయి. అవి సంతకాలకు వెళ్లేలోపు కలుపు తీత కూలి, బిల్లులో కొంత ఆపే షరతు అందులో చేరేలా చూడమని మా జిల్లా అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

— ఒక మహిళా రైతు, బడి పిల్లల తల్లి
జనగామ జిల్లా