దూది బేళ్ల లోడింగ్: సభ్యులందరూ తప్పక చదవండి

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఆదోని నుంచి బయటి మిల్లులకు బేళ్లు వెళ్లే సీజన్ ఇది. లారీ దొరికితే చాలన్న తొందరలో, కొత్త బ్రోకరు ఫోన్ మాటను నమ్మి దయచేసి సరుకు ఎక్కించవద్దు. దొంగ నంబరు లారీలో ఎక్కిస్తే సరుకు దారిలోనే మాయం కావచ్చు.

నంబరు ప్లేటు మార్చడం పెద్ద పనేమీ కాదు. అందువల్ల ప్లేటు ఒక్కటే చూసి ఊరుకోకుండా, బండి మీద చెక్కిన చాసిస్ నంబరును ఆర్సీతో సరిపోల్చి, వాహన వివరాలు చూపే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి రకం, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ గడువు చూసిన తరువాతే గేటు లోపలికి రానివ్వాలి. డ్రైవరును లైసెన్సుతో సహా లారీ పక్కన నిలబెట్టి ఫొటో తీయండి. డీజిల్ అడ్వాన్సును సంబంధం లేని వ్యక్తి ఖాతాకు పంపమంటే అక్కడే ఆగిపోండి.

బండి చెడిపోయిందని, దారిలో సరుకు వేరే లారీకి మార్చామని ఫోన్ వస్తే, కొత్త బండి వివరాలు కూడా సరిచూసుకోకుండా ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) నంబరు మార్చడానికి ఒప్పుకోకండి. నా ఉద్దేశంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది.

సరుకు చేరకపోతే వెంటనే పోలీసులకు, బీమా కంపెనీకి తెలపండి. డబ్బు ఆన్‌లైన్‌లో పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా ట్రాన్స్‌పోర్టుకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి.

ఈ ఆదివారం ఉదయం 10 గంటలకు మన కార్యాలయంలో సమావేశం ఉంది. లోడింగ్ చూసే గుమాస్తాను తప్పక వెంట తీసుకురండి. మీరు వాడే ట్రాన్స్‌పోర్టుల పేర్లు శుక్రవారంలోగా పంపండి.

— కార్యదర్శి